గుండె కాలువలలో పూడిక: చిత్రము చెప్పునది, చెప్పనిది

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సభ్యులు సమావేశమైనచో రోడ్లు, మంచినీరు, వీధి దీపములు, పన్నుల వసూలు మొదలగు విషయములను గూర్చి మాటలాడుకొనుట వాడుక. నేడు నేను గుండె జబ్బును గూర్చియు, గుండె రక్తనాళములను చిత్రము తీసి రాబోవు గుండెపోటును ముందుగా పసిగట్టు పద్ధతులను గూర్చియు చెప్పబూనుట మీకు వింతగా తోచవచ్చును. నేను వైద్యుడను కాను. ప్రభుత్వ ప్రచార శాఖలో ఉద్యోగిని. తెలిసినవారు కనుగొన్న సంగతులను తేట మాటలలో గ్రామములకు చేర్చుట నా పని. ఈ ప్రసంగమునకు కారణము ఒక పంచాయతీ సభ్యుడు నన్నడిగిన ప్రశ్నయే.

కొంతకాలము క్రిందట నేనొక గ్రామమునకు పోయియుంటిని. ఆ ఊరిలో పుట్టి పట్టణమున స్థిరపడిన ఒక దాత, తన తండ్రి గుండెపోటుతో హఠాత్తుగా చనిపోయినందున, ఆయన పేర ఊరిలో 40 ఏండ్లు దాటినవారందరికిని గుండె స్కానింగు చేయింతునని ముందుకు వచ్చియుండెను. పంచాయతీలో దానిని గూర్చి చర్చ జరుగుచుండెను. అప్పుడొక సభ్యుడు లేచి నన్నడిగెను: “అయ్యా, ఆ యంత్రములో చూచినచో ఎవరికి గుండెపోటు వచ్చునో, ఎవరికి రాదో తెలియునా? తెలియునెడల అంతకు మించిన పుణ్యకార్యము లేదు. తెలియనియెడల ఆ డబ్బును దేనికి వినియోగింపవలెను?”

ఆనాడు నేను తగిన సమాధానము చెప్పలేకపోతిని. అటుపిమ్మట చదివియు, వైద్యులనడిగియు తెలిసికొన్న దానిని నేడు మీ ముందుంచుచున్నాను.

మరణముల రిజిస్టరు చెప్పు సంగతి

గుండె జబ్బు పట్టణవాసులకు, కూర్చుండి తినువారికి వచ్చునది గాని, ఎండలో కష్టపడు రైతునకు రాదని మనలో ఒక నమ్మకము కలదు. ఈ నమ్మకము ఎంతవరకు నిజమో చూతము.

2003-04 సంవత్సరములలో ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములందు ఒక పరిశీలన జరిగెను. ఆ గ్రామముల మొత్తము జనాభా 1,80,162. ఒక సంవత్సర కాలములో అచ్చట 1,354 మరణములు సంభవించినవి. ఆరోగ్య కార్యకర్తలు చనిపోయిన వారి ఇండ్లకు పోయి, వారి చివరి దినములలో ఏమి జరిగినదో ఇంటివారినడిగి వ్రాసికొనిరి. ఆ వృత్తాంతములను వైద్యులు చదివి మరణ కారణములను నిర్ణయించిరి. ఫలితములు 2006లో వెలువడినవి. అంటువ్యాధుల వలన చనిపోయినవారు నూటికి 12 మంది. గాయములు, ప్రమాదములు మొదలగు వాని వలన చనిపోయినవారు 13 మంది. గుండె, రక్తనాళముల జబ్బుల వలన చనిపోయినవారు 32 మంది! కలరాను, మశూచిని తలచుకొని భయపడు కాలము పోయినది. నేడు పల్లెలో మనిషిని ఎత్తుకొనిపోవుచున్నది గుండెయే.

ఇంకొక సంగతి గలదు. 52 దేశములలో జరిగిన ఒక పెద్ద పరిశీలనలో తేలిన దానిని బట్టి, మన దక్షిణ ఆసియా దేశములవారికి మొదటి గుండెపోటు సగటున 53వ ఏట వచ్చుచున్నది. ఇతర దేశములవారికి దాదాపు 59వ ఏట వచ్చుచున్నది. ఆరేండ్ల తేడా స్వల్పమైనది కాదు. కుమార్తె పెండ్లి కావలసియున్న ఇల్లు, కుమారుని చదువు నడుమనున్న ఇల్లు, బ్యాంకు అప్పు తీరని ఇల్లు, అట్టి ఇండ్లలో పోయిన ఇంటి యజమానులను మీరు నేను చెప్పకయే ఎరుగుదురు. జనన మరణముల రిజిస్టరు మీ పంచాయతీ కార్యాలయములోనే యుండును. ఇంటికి పోయి గత మూడేండ్ల పుటలు తిరుగవేసి, 60 ఏండ్లు నిండకుండ హఠాత్తుగా పోయినవారెందరో లెక్కించి చూడుడు.

గట్టు లోపల పూడిక

గుండె శరీరమంతటికిని రక్తమును తోడిపోయు మోటారు వంటిది. ఆ మోటారునకు గూడ రక్తము కావలెను. దానిని అందించుటకు గుండె పైభాగమున కుడి, ఎడమల రెండు ధమనులు బయలుదేరును. ఎడమది వెంటనే రెండు శాఖలగును. ఇవి దాదాపు వరి గడ్డిపరకయంత లావు. వీని పిల్ల కాలువలు గుండె కండరమంతటను వ్యాపించియున్నవి. పంట కాలువకు నీరు నిలిచిపోయినచో చివరి చేను ఎండుటకు కొన్ని దినములు పట్టును. గుండె కాలువకు రక్తము నిలిచిపోయినచో కొన్ని గంటలలోనే ఆ భాగపు కండరము చచ్చును. అదియే గుండెపోటు.

ఈ కాలువ ఎందులకు మూసికొనును? రక్తములోని చెడు కొలెస్టరాల్ అను కొవ్వు పదార్థము ధమని గోడ లోపలికి చొచ్చుకొనిపోయి అచ్చట నిలువయగును. దానిని తొలగించుటకు వచ్చిన రక్తకణములు గూడ ఆ కొవ్వును మింగి అచ్చటనే ఉబ్బి చచ్చును. దానిపై నారవంటి ఒక పొర కప్పబడును. ఈ మొత్తమును వైద్యులు ప్లాక్ అందురు. ఇది ఒకనాడు ఏర్పడునది కాదు. యౌవనమునందే మొదలై ఇరువది, ముప్పది సంవత్సరములు నొప్పి లేకుండ, చప్పుడు లేకుండ పెరుగును.

ఇచ్చట ఒక చిక్కు కలదు. కాలువలో పూడిక పెరిగిన కొలది నీరు తగ్గుననియు, చివరకు పూర్తిగా ఆగుననియు మనము తలంతుము. గుండె విషయమున ఇది సగము మాత్రమే నిజము. ప్లాక్ పెరుగుచున్నప్పుడు ధమని వెలుపలి వైపునకు సాగి, లోపలి దారిని చాలకాలము కాపాడును. ఈ సంగతిని 1987లో అమెరికాలోని చికాగో వైద్యుడు సేమోర్ గ్లాగోవ్, అతని సహచరులు లోకమునకు తెలిపిరి. నాళముననున్న చోటులో నూటికి 40 పాళ్లు ప్లాక్ ఆక్రమించువరకు రక్తపు దారి ఇరుకు కాకపోవచ్చునని వారు చూపిరి. అనగా పూడిక కాలువలో కనబడక గట్టులోనే దాగియుండును. దానిపై పొర పలుచనయై, ఒకనాడు చిట్లును. గట్టునకు గండి పడినట్లగును. లోపలి కొవ్వు రక్తమును తాకగనే, గాయమైనదని భ్రమపడి రక్తము అచ్చట గడ్డ కట్టును. ఆ గడ్డ నిమిషములలో కాలువను మూసివేయును. నిన్నటి వరకు పొలములో పారపట్టి పని చేసినవాడు నేడు పడిపోవుటలోని రహస్యము ఇదియే.

కావున గుండెపోటును ముందుగా తెలిసికొనవలెనన్నచో, దారి ఎంత ఇరుకైనదో చూచుట చాలదు. గట్టులో ఏమి దాగియున్నదో చూడవలెను. వైద్యశాస్త్రము ఈ పనిలోనే అరువదేండ్లకు పైగా శ్రమించినది.

చిత్రము తీయుట ఎట్లు సాధ్యమైనది

1958 అక్టోబరు నెలలో అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరమున మేసన్ సోన్స్ అను వైద్యుడు ఒక రోగికి పరీక్ష చేయుచుండగా, ఎక్స్‌రేలో కనబడు రంగుమందు పొరపాటున సన్నని గొట్టము ద్వారా కుడివైపు గుండె ధమనిలోనికే పోయెను. రోగి గుండె ఆగునేమోనని ఆయన భయపడెను. కాని రోగి బ్రదికెను. ఆ ధమని చెట్టు కొమ్మవలె స్పష్టముగా ఎక్స్‌రేలో కనబడెను. నేడు మనము యాంజియోగ్రామ్ అనునది అట్లు పుట్టినది. అయితే యాంజియోగ్రామ్ రక్తపు దారిని చూపునే గాని, గట్టులో దాగిన ప్లాక్‌ను చూపలేదు.

తరువాత ఇంగ్లండులో గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ అను ఇంజనీరు సి.టి. స్కానింగు యంత్రమును నిర్మించెను. 1971లో లండనులో దానితో మొదటి రోగికి పరీక్ష జరిగెను. 1979లో ఆయనకును, ఆలన్ కార్మాక్ అను శాస్త్రజ్ఞునకును కలిపి నోబెల్ బహుమతి లభించెను. ఈ యంత్రము శరీరమును పొరలు పొరలుగా చూపి, ప్రతి చుక్కకును దాని చిక్కదనమును బట్టి ఒక అంకెను ఇచ్చును. నీటికి 0, గాలికి మైనస్ 1000, ఎముకకు పెద్ద అంకె. ఆ కొలమానమునకు హౌన్స్‌ఫీల్డ్ పేరే నిలిచినది.

పాతబడిన ప్లాక్‌లో ఎముకలో నుండునట్టి కాల్షియం చేరును. అది స్కానింగులో తెల్లని మచ్చలుగా కనబడును. 1990లో అమెరికా వైద్యుడు ఆర్థర్ ఆగాట్‌స్టన్, అతని సహచరులు ఆ మచ్చలను లెక్కించు పద్ధతిని ప్రకటించిరి. 130కి మించిన అంకె గల మచ్చల వైశాల్యమును, వాని గట్టిదనమును బట్టి 1 మొదలు 4 వరకు గల అంకెతో గుణించి, అన్నిటిని కూడుదురు. వచ్చిన మొత్తమే కాల్షియం స్కోరు. దీనికి సూది మందు అక్కరలేదు. కొద్ది నిమిషములలో ముగియును.

స్కోరు చెప్పునది

ఈ స్కోరు ఎంతవరకు నమ్మదగినది? 2000 సంవత్సరమున అమెరికాలోని ఆరు ప్రాంతములలో, గుండె జబ్బు లేని 45 మొదలు 84 ఏండ్ల వయస్సు వారిని 6,814 మందిని చేర్చుకొని, వారికి స్కానింగు చేసి, ఎవరికేమగునో చూచుట మొదలిడిరి. 2008లో ఫలితములు ప్రకటించిరి. స్కోరు 0 వచ్చినవారితో పోల్చినచో, 101 మొదలు 300 వరకు వచ్చినవారికి గుండెకు సంబంధించిన అపాయము ఏడు రెట్లకు పైగను, 300 దాటినవారికి దాదాపు పది రెట్లును ఉండెను. ఆ పరిశీలనలో మన దేశమువారు ఒక వర్గముగా లేరు. అందువలన 2010లో శాన్ ఫ్రాన్సిస్కో, చికాగో ప్రాంతములందు స్థిరపడిన దక్షిణ ఆసియా సంతతివారిపై వేరొక పరిశీలన ఆరంభించిరి. వీరిలో అధికులు భారతీయులు. ఈ పురుషుల ధమనులలోని కాల్షియం అచ్చటి తెల్లవారితో సమానముగను, నల్లజాతివారు, చైనా సంతతివారు మొదలగు ఇతరులకంటె అధికముగను కనబడెను.

స్కోరు మాత్రమే గాక, రంగుమందు ఎక్కించి తీయు సి.టి. యాంజియోగ్రామ్ పరీక్ష గూడ వచ్చినది. ఇది కాల్షియం చేరని మెత్తని ప్లాక్‌ను సైతము చూపగలదు. దీనిని గూర్చి స్కాట్లండు దేశమున జరిగిన పరిశీలన మనము గమనింపదగినది. ఛాతీ నొప్పితో వైద్యుల వద్దకు వచ్చిన 4,146 మందిని రెండు భాగములు చేసిరి. ఒక భాగమునకు మామూలు పరీక్షలు. రెండవ భాగమునకు వానితోపాటు సి.టి. యాంజియోగ్రామ్. ఐదేండ్ల తరువాత చూడగా, మొదటి భాగములో గుండెపోటు వచ్చినవారు, గుండె జబ్బుతో చనిపోయినవారు కలసి 81 మంది. రెండవ భాగములో 48 మంది. ఈ ఫలితము 2018లో వెలువడినది.

ఈ తేడా ఎట్లు వచ్చినది? రెండవ భాగమువారికి ఆపరేషనులు, స్టెంట్లు ఎక్కువగా వేసినందువలన కాదు. ఐదేండ్ల మొత్తము మీద అవి రెండు వర్గములకును ఇంచుమించు సమానమే. చిత్రములో ప్లాక్ కనబడిన వారికి వైద్యులు కొలెస్టరాల్ తగ్గించు మాత్రలు మొదలగు నివారణ మందులను ఎక్కువగా ఇచ్చిరి. ఈ మాటను మీరు గుర్తుంచుకొనవలెను. ప్రాణములను కాపాడినది చిత్రము కాదు. చిత్రమును చూచిన పిదప చేసిన పని.

అదే స్కాట్లండు పరిశీలనలో 2020లో మరియొక సంగతి తేలినది. హౌన్స్‌ఫీల్డ్ కొలతలో 30కి లోబడిన, అనగా మిక్కిలి మెత్తనైన కొవ్వుతో నిండిన ప్లాక్ నాళములలో నూటికి 4 పాళ్లకు మించి యున్నవారికి గుండెపోటు అపాయము దాదాపు ఐదు రెట్లు అధికముగా నుండెను. గట్టిపడిన పూడికకంటె మెత్తని పూడికయే ఎక్కువ భయంకరమని దీని భావము. కొలెస్టరాల్ మాత్రలు వాడుచున్నవారికి మెత్తని ప్లాక్ గట్టిపడి, కాల్షియం స్కోరు కొంత పెరుగవచ్చును. అది చూచి మందు పని చేయలేదని మానివేయుట పొరపాటు.

స్కోరు చెప్పనిది

ఇక రెండవ వైపు చూతము. 2011లో ఒక పరిశీలన వెలువడెను. అమెరికా, యూరపులలోని 697 మంది రోగుల ధమనులలోనికే సన్నని యంత్రమును పంపి, శబ్ద తరంగములతో గట్టు లోపలి చిత్రములు తీసి, మూడేండ్లు కనిపెట్టి చూచిరి. పైపొర పలుచనై, ప్లాక్ మిక్కిలి పెరిగి, దారి ఇరుకైన, అనగా మూడు చెడ్డ లక్షణములును గల ప్లాక్‌లను గుర్తించిరి. అట్టివి నూరుండగా, మూడేండ్లలో అపాయము తెచ్చినవి సుమారు 18. తక్కినవి ఏ అల్లరియు చేయలేదు. ఎన్నో ప్లాక్‌లు తెలియకుండ చిట్లి, తెలియకుండనే మానిపోవును.

కాలువ గట్టుపై తిరుగు లస్కరు ఏ గట్టు బలహీనమో చెప్పగలడు. ఏ నాటి రాత్రి, ఏ చోట గండి పడునో చెప్పలేడు. స్కానింగు గూడ అంతే. ఈ మనిషికి అపాయము ఎక్కువ, ఇతనికి తక్కువ అని చెప్పును. తేదీ చెప్పదు. చిత్రము జాతకము కాదు.

అట్లే స్కోరు 0 వచ్చినంత మాత్రమున అభయము లభించినట్లు కాదు. కాల్షియం చేరని మెత్తని ప్లాక్ ఆ లెక్కలోనికి రాదు. చుట్ట, బీడీ త్రాగువానికి, చక్కెర వ్యాధి గలవానికి, చిన్న వయస్సులోనే గుండె జబ్బు వచ్చిన కుటుంబములో పుట్టినవానికి 0 వచ్చినను జాగ్రత్త తప్పదు. 0 వచ్చినదిగదా యని మరునాడు మరొక కట్ట బీడీలు కొనువానికి ఆ స్కానింగు మేలు చేయలేదు, కీడు చేసినది. రంగుమందు ఎక్కించు పరీక్ష మూత్రపిండముల జబ్బు గలవారికి హాని చేయవచ్చును. శ్రీకాకుళము జిల్లా ఉద్దానము వంటి ప్రాంతములవారు ఈ సంగతిని వైద్యునకు ముందుగా చెప్పి తీరవలెను.

దాతకు చెప్పదగిన సమాధానము

ఇప్పుడు ఆ సభ్యుని ప్రశ్నకు వత్తును. ఊరిలో అందరిని పిలిచి స్కానింగు చేయించినచో మరణములు తగ్గునా? సరిగా ఇట్టి ప్రశ్ననే డెన్మార్కు దేశమువారు వేసికొనిరి. 65 మొదలు 74 ఏండ్ల వయస్సు గల 46,611 మంది పురుషులలో కొందరిని సి.టి. స్కానింగుతో గూడిన పరీక్షలకు పిలిచిరి, తక్కినవారిని పిలువలేదు. ఐదేండ్లకు పైగా చూచి 2022లో ఫలితమును ప్రకటించిరి. పిలిచినవారిలో ఏ కారణముచేతనైనను చనిపోయినవారు నూటికి 12.6, పిలువనివారిలో 13.1. కొంత తేడా ఉన్నది. కాని అది కేవలము యాదృచ్ఛికము కాదని రూఢిగా చెప్పుటకు చాలినంత తేడా కాదు. అన్ని వసతులు గల దేశముననే ఫలితము ఇంత స్వల్పమైనప్పుడు, స్కానింగు యంత్రము జిల్లా పట్టణమునకు పోయిన గాని దొరకని మన గ్రామమునకు అది మొదటి మెట్టు కాజాలదు.

మరి ఎవరికి పనికివచ్చును? ఛాతీ నొప్పి, నడచినచో ఆయాసము గలవారికి వైద్యుడు వ్రాసి ఇచ్చినచో తప్పక పనికివచ్చును. అపాయము మధ్యరకముగా నుండి, జీవితాంతము మాత్రలు వాడవలెనా వలదా యని తేలనివారికి కాల్షియం స్కోరు దారి చూపును. ఇదివరకే గుండెపోటు వచ్చినవారికి స్కోరుతో పని లేదు; వారికి మందులు ఎట్లును తప్పవు. ఏ లక్షణము లేని యౌవనస్థులకు అది వ్యర్థ వ్యయము. పట్టణములలో ప్రకటనలు చూచి, వైద్యుని సలహా లేకుండ అప్పు చేసి పరీక్షలు చేయించుకొనుట వివేకము కాదు.

గుండెపోటు అపాయమును లెక్కగట్టుటకు ఊరిలోనే ఒక సాధనము కలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సవరించిన పట్టికలలో ఒకదానికి రక్తపరీక్ష గూడ అక్కరలేదు. వయస్సు, స్త్రీయా పురుషుడా, పొగ త్రాగునా, రక్తపోటు ఎంత, ఎత్తునకు తగిన బరువున్నదా అను ఐదు సంగతులు తెలిసినచో, రాబోవు పదేండ్లలో గుండెపోటు, పక్షవాతముల అపాయము ఎంతయో ఆ పట్టిక చూపును. నేను ముందు చెప్పిన 52 దేశముల పరిశీలన 2004లో తేల్చినదేమనగా, పురుషులలో గుండెపోటు అపాయమున నూటికి 90 పాళ్లు తొమ్మిది కారణములతో ముడివడియున్నది. పొగాకు, రక్తపోటు, చక్కెర వ్యాధి, కొలెస్టరాల్, పొట్ట పెరుగుట, మనోవేదన, కూరగాయలు పండ్లు తక్కువగా తినుట, శరీరశ్రమ లేకుండుట మున్నగునవి ఆ కారణములు. వీనిలో అనేకము స్కానింగు లేకయే ఉపకేంద్రము అరుగుపై కనిపెట్టవచ్చును.

కావున ఆ దాతతో ఇట్లు చెప్పవచ్చునని నా మనవి. ఆ డబ్బుతో ఉపకేంద్రమునకు మంచి రక్తపోటు యంత్రములు, చక్కెర పరీక్ష పట్టీలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు ఇ.సి.జి. యంత్రము లేనిచో అదియు సమకూర్చవచ్చును. ఆ పరీక్షలలో అపాయము ఎక్కువగా తేలి, వైద్యుడు స్కానింగు కావలెనని వ్రాసిన పేదవారికి ఆ ఖర్చు భరింపవచ్చును. అప్పుడు చిత్రము తన తగిన చోట నిలుచును.

అడవి పల్లెల చిత్రము

ఈ స్కానింగులు లోకమునకు ఒక శుభవార్తను గూడ తెచ్చినవి. దక్షిణ అమెరికాలోని బొలీవియా దేశపు అడవులలో చిమానే అను జాతివారు సేద్యము, వేట, చేపలు పట్టుట వృత్తులుగా జీవింతురు. 40 మొదలు 94 ఏండ్ల వయస్సు గల 705 మంది చిమానేలు నదిమీదను, జీపులలోను ప్రయాణము చేసి ట్రినిడాడ్ అను పట్టణమునకు వచ్చి స్కానింగు చేయించుకొనిరి. 2017లో ఫలితము వెలువడగా వైద్యులు ఆశ్చర్యపడిరి. నూటికి 85 మందికి ధమనులలో కాల్షియం లేనే లేదు. 100కు మించిన స్కోరు వచ్చినవారు నూటికి ముగ్గురే. వారి ఆహారములో వరియన్నము, అరటి, కర్రపెండలము, మొక్కజొన్న ముఖ్యము, కొవ్వు తక్కువ. పురుషులు దినమునకు ఆరేడు గంటలు, స్త్రీలు నాలుగు మొదలు ఆరు గంటలు శరీరశ్రమ చేయుదురు. పొగ త్రాగువారు అరుదు.

వారి జీవితము సుఖమయమని నేను చెప్పను. అంటురోగముల బాధ వారికి మెండు. కాని వయస్సు వచ్చినంత మాత్రమున ధమనులు పూడుకొని తీరవలెనన్న నియమము లేదని ఆ చిత్రములు ఋజువు చేసినవి. పూడిక విధివ్రాత కాదు. మన తాతల నాటి నడక తగ్గినది. మోటారు సైకిలు, ట్రాక్టరు వచ్చినవి. అవి పోవలెనని ఎవరును కోరరు. వానితో తప్పిన శ్రమను నడకతోను, ఆటలతోను తిరిగి తెచ్చుకొనవలెను.

పంచాయతీ చేయదగిన పనులు

సభ్యులారా! మీ చేతిలో నున్న నాలుగు పనులు చెప్పి ముగింతును.

మొదటిది: 30 ఏండ్లు దాటిన ప్రతి స్త్రీకి, పురుషునకు రక్తపోటు, చక్కెర పరీక్షలు జరుగునట్లు ఏ.ఎన్.ఎం., ఆశా కార్యకర్తలకు తోడ్పడుడు. జబ్బు తేలినవారు మాత్రలు మానకుండ చూడుడు. “తగ్గినదిగదా” యని మాత్ర మానినవానికే గండి పడును.

రెండవది: 2003 చట్టము ప్రకారము విద్యాసంస్థలకు 100 గజముల లోపున పొగాకు వస్తువులు అమ్మరాదు. దానిని అమలు జరుపుడు. పంచాయతీ కార్యాలయములో ముందుగా సభ్యులే పొగ మానుడు.

మూడవది: గ్రామసభలో గుండెపోటు గుర్తులను చదివి వినిపింపుడు. ఛాతీపై బరువు పెట్టినట్లు నొప్పి, ఎడమ చేతికో, దవడకో, వీపునకో ప్రాకు నొప్పి, చలిచెమటలు, ఊపిరాడకుండుట. స్త్రీలకును, చక్కెర వ్యాధి గలవారికిని ఛాతీ నొప్పి లేకుండగనే ఆయాసము, వికారము, నీరసము మాత్రమే కనబడవచ్చును. దీనిని “గ్యాసు” అనుకొని సోడా త్రాగి పండుకొన్నవారిలో కొందరు తెల్లవారునప్పటికి లేరు. వెంటనే 108కి ఫోను చేయవలెను. ఈ వాహనములు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో మొదలైనవి. గడ్డను కరగించు మందు మొదటి గంటలలో ఇచ్చినచో ఎక్కువ మేలు చేయును. 12 గంటలు దాటిన పిదప దాని వలన ప్రయోజనము బహు స్వల్పము.

నాల్గవది: ఆ వాహనము రాత్రివేళ ఏ వీధికైనను రాగలుగునట్లు దారి ఉన్నదా యని చూడుడు. అడ్డుగా వేసిన గడ్డివాము, నడివీధిలో తవ్వి పూడ్చని గోయి ఒక ప్రాణము ఖరీదు చేయవచ్చును. ఇది ఏ వైద్యుడును చేయలేని పని. పంచాయతీ మాత్రమే చేయగలది.

యంత్రము గట్టు లోపలి పూడికను చూపగలదు. ఆ పూడిక పెరుగకుండ చూచుట మనిషి చేతిలో ఉన్నది. ఆ మనిషికి తోడుండుట పంచాయతీ చేతిలో ఉన్నది. వచ్చు సంవత్సరము మీ మరణముల రిజిస్టరులో అకాలముగా చేరు పేర్లు కొన్నియైనను తగ్గినచో, ఈనాటి మన సమావేశము సార్థకమైనట్లే.

జై హింద్.